చిన్నోడికి ముందే చెప్పాం

ఆటిజం ఉన్న బిడ్డతో విదేశీ ప్రయాణం: ఇరవై రెండు పేజీల ఓ పుస్తకం, నలభై రాత్రుల సన్నాహం, వారం రోజుల దుబాయ్

ఆ పుస్తకంలో ఇరవై రెండు పేజీలున్నాయి. మొదటి పేజీలో మా ఇంటి గుమ్మం, గుమ్మం ముందు చిన్నోడి నీలం చెప్పులు. రెండో పేజీలో క్యాబ్. మూడో పేజీలో శంషాబాద్ విమానాశ్రయం బయట వరస. ఏడో పేజీలో చేతిలో పరికరంతో నిలబడ్డ జవాను బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో నాలుగు ముక్కలు: ‘ఈ అంకుల్ బీప్ కర్రతో నన్ను చూస్తారు. నొప్పి ఉండదు. పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. అమ్మ పక్కనే ఉంటుంది.’ ఆఖరి పేజీలో మళ్లీ మా గుమ్మం, మళ్లీ అవే నీలం చెప్పులు.

వీధి చివర జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు తీయించి, లామినేషన్ చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించాను. ప్రయాణం నలభై రోజులుందనగా మొదలుపెట్టి రోజూ పడుకునే ముందు అదే కథ. మా చిన్నోడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆటిజం. వాడికున్న మాటలు కొద్ది. విన్న వాక్యాల్ని మాత్రం విన్నది విన్నట్టు అప్పజెబుతాడు. మెట్రో రైల్లో విన్న ‘తర్వాతి స్టేషన్ అమీర్‌పేట’ వాడికి బాగా ఇష్టం. సంతోషమొచ్చినా అదే అంటాడు, ఆకలేసినా అదే. ఏ అమీర్‌పేట ఏమిటో గొంతును బట్టి మేం పోల్చుకోవాలి.

చెల్లెలు షార్జాలో ఉంటుంది. ఆరేళ్లుగా పిలుస్తూనే ఉంది. “అక్కా, ఈ చలికాలమన్నా రండి. చిన్నోణ్ణి కూడా తీసుకురా” అంది. ఎంతో ప్రేమగా అన్న ఆ ‘కూడా’ నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. వాణ్ణి తీసుకురావడమన్నది విడిగా చెప్పాల్సిన విషయమైపోయింది! అత్తయ్య ఇంకోలా అన్నారు: “ఎందుకమ్మా, అంత దూరం వాణ్ణి హింసపెట్టడం? నా దగ్గర వదిలేసి మీరు ముగ్గురూ వెళ్లి రండి.” అందులో మనవడి మీద బెంగ ఉంది, కోడలి మీద జాలి ఉంది. వాడి పేరున మేం కట్టుకున్న గోడ కూడా ఉంది.

దానికి రెండేళ్ల ముందు మరిది పెళ్లికని ఒక విమానాశ్రయం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాం. సెక్యూరిటీ దగ్గర వాడి చేతిలోని బొమ్మ రైలు తీసి ట్రేలో పెట్టమన్నారు. ఆ ట్రే నల్లటి రబ్బరు తెరల వెనక్కి పోయింది. వాడికి అది రైలు పోవడం కాదు, లోకం పోవడం. నేల మీద పడి తల కొట్టుకున్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోతే, “ఇంత పెద్ద పిల్లాడికి ఈ మొండితనమేంటమ్మా?” అని ఒక ఉద్యోగి గట్టిగా అడిగాడు. ‘వీడికి ఆటిజం’ అని ఒక్క మాట చెప్పలేకపోయాను. మా ముందు వరసలో బంధువులున్నారు. వాళ్లకు ఇంకా చెప్పలేదు.

ఆ రోజు వాడికి రైలు మళ్లీ వస్తుందని చెప్పినవాళ్లు లేరు. ఆ ఉద్యోగికి వాడి సంగతి చెప్పినవాళ్లు లేరు. ఇంటికొచ్చాక ఎన్నో రాత్రులు ఆలోచించాను. తప్పు విమానానిది కాదు, వాడిది అసలే కాదు. ఎవరికీ ఏమీ ముందుగా చెప్పకుండా బయల్దేరడమే మా తప్పు.

పుస్తకం ఎందుకంటే

బొమ్మలతో, చిన్న వాక్యాలతో జరగబోయేది చెప్పే ఇలాంటి కథల్ని థెరపిస్టులు ‘సోషల్ స్టోరీ’ అంటారు. అమెరికాలో కేరల్ గ్రే అనే టీచరు 1990ల తొలినాళ్లలో ఈ పద్ధతికి ఒక రూపమిచ్చారు. ఇందులో ఆజ్ఞలు తక్కువగా ఉండాలి. ‘ఏడవకూడదు, అల్లరి చేయకూడదు’ అని రాస్తే అది కథ కాదు, బెదిరింపు. ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది, ఎంతసేపు, తర్వాత ఏమిటి, ఇవే ఉండాలి. ముఖ్యంగా ఆ ‘తర్వాత ఏమిటి’. మనకు ఎదురుచూడటమంటే విసుగు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి అది అంచు తెలియని చీకటి.

పుస్తకానికి మా పెద్దమ్మాయి శబ్దాలు జోడించింది. వాడికన్నా నాలుగేళ్లు పెద్ద. విమానం ఇంజిను మోత, సీటు బెల్టు గంట, టాయిలెట్లో నీళ్లు ‘భప్’మని లాగేసే చప్పుడు ఫోన్‌లో వెతికి, మొదట చిన్నగా, రోజురోజుకీ కాస్త పెంచుతూ వినిపించింది. ఎగిరే విమానం లోపల రొద సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ ఉంటుంది. మనం పావుగంటలో మరిచిపోతాం. ప్రతి చప్పుడూ సమానంగా చెవిలో పడే బిడ్డ మరిచిపోలేడు. హెడ్‌ఫోన్స్ కొన్నాం కానీ వాటిని తల మీద భరించడం నేర్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. ప్రయాణం రోజున కొత్తగా ఏ వస్తువూ చేతికివ్వకూడదన్న సంగతి అక్కడే అర్థమైంది.

సోఫా ముందు కుర్చీలు వేసి విమానం ఆట ఆడాం. అత్తయ్య ఎయిర్‌హోస్టెస్. ‘వద్దమ్మా, హింస’ అన్న మనిషే కొంగు నడుముకు చుట్టి, పళ్లెంలో మరమరాలు పెట్టుకుని వచ్చి, “బాబూ, బెల్టు పెట్టుకున్నావా?” అనేవారు. తర్వాత నిజం విమానమే ఎక్కాం, హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి. గంటంపావు. వెళ్లిన మర్నాడే తిరిగొచ్చాం. ఆ ఖర్చు దండగ అన్నవాళ్లున్నారు. మా మొత్తం ప్రయాణంలో ప్రతి రూపాయికీ ఫలితం కనబడ్డ ఖర్చు అదొక్కటే అని నేనంటాను. వాడికి దిగేటప్పుడు చెవులు నొప్పి చేస్తాయని అక్కడే తెలిసింది. విమానం ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే చెవులకు బాధ ఎక్కువ. బయట పెరిగే ఒత్తిడికి చెవి లోపలి గొట్టం తనంతట తాను తెరుచుకోదు, మింగుతూ ఉండాలి. దుబాయ్ వెళ్లేటప్పుడు కిందికి దిగడం మొదలవగానే స్ట్రా ఉన్న నీళ్ల సీసా, తర్వాత ఒక లాలీపాప్ చేతికిచ్చాం.

ఇలాంటి సాధనను విమానాశ్రయాలే చేయించే చోట్లున్నాయి. అమెరికాలోని బోస్టన్‌లో 2011లో ‘వింగ్స్ ఫర్ ఆటిజం’ పేరుతో మొదలైంది. టికెట్ కౌంటర్ నుంచి సీటు బెల్టు దాకా అన్నీ నిజంగానే చేయిస్తారు, విమానం మాత్రం ఎగరదు. పిట్స్‌బర్గ్ విమానాశ్రయం కథ నాకు ఇంకా ఇష్టం. అక్కడ భారీ యంత్రాలు నడిపే ఒక ఉద్యోగి, తన కొడుకు లాంటి పిల్లలకు కాసేపు నెమ్మదించే చోటు కావాలని పై అధికారికి ఉత్తరం రాశాడు. 2019లో ఆ గది తెరిచారు. మసక వెలుతురు, మెత్తటి గోడలు, లోపలే నిజం విమానాన్ని పోలిన క్యాబిన్. దానికి ఆ పిల్లవాడి పేరే పెట్టారు: ప్రెస్లీస్ ప్లేస్. ఒక నాన్న అడిగాడు, అంతే. మన విమానాశ్రయాల్లో ఎంతమంది నాన్నలు పనిచేస్తున్నారో!

రాంచీ తర్వాత

2022 మే నెలలో రాంచీ విమానాశ్రయంలో ఒక బిడ్డ భయంతో బిగుసుకుపోయాడు. ఎక్కాల్సింది హైదరాబాద్ విమానమే. తోటి ప్రయాణికులు ఎంత చెప్పినా, వాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నా, విమానయాన సంస్థ ఎక్కనివ్వలేదు. అమ్మానాన్నలూ ఆగిపోయారు. ఆ వార్త చదివిన పూట మా ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ విచారణ చేసి ఆ సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. జులైలో నిబంధన మార్చింది. వైకల్యం కారణంగా ఎవరికీ ప్రయాణం నిరాకరించకూడదు. ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందని సంస్థకు అనుమానమొస్తే, డాక్టరు స్వయంగా పరీక్షించి అభిప్రాయం చెప్పాలి. అప్పటికీ వద్దంటే కారణాలు కాగితం మీద రాసివ్వాలి.

ఈ నిబంధన ప్రింటు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. ఇప్పటిదాకా బయటికి తీయాల్సిన అవసరం రాలేదు. కానీ అది బ్యాగులో ఉన్న రోజున నా గొంతు వణకదు.

ఆటిజం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం క్యాంపు, యూడీఐడీ కార్డు అనగానే ‘బిడ్డకు ముద్ర వేయించడం ఎందుకు’ అని వెనకాడే తల్లిదండ్రులు నాకు తెలుసు. నేనూ మూడేళ్లు వెనకాడాను. పరాయి దేశంలో ఆ కార్డుకు చట్టబద్ధంగా విలువ లేకపోవచ్చు. అయినా దాంతోపాటు వాడి డాక్టరు ఇంగ్లిష్‌లో రాసిచ్చిన ఒక పేజీ ఉత్తరం (ఏమిటి ఇబ్బంది, ఏం చేస్తే నెమ్మదిస్తాడు, ఏ మందులు) నాకు పది మాటలు మిగిల్చింది. మందుల పేర్లు కంపెనీ పేర్లుగా కాక అసలు పేర్లతో రాయించాలి. ఇక్కడ మామూలు చీటీ మీద ఇచ్చే కొన్ని మందులకు, ముఖ్యంగా మూర్ఛకు, నిద్రకు, ఏకాగ్రతకు వాడేవాటికి, యూఏఈ ప్రభుత్వ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఏకాగ్రత లోపానికి అమెరికాలో విరివిగా రాసే అడెరాల్‌ను జపాన్ అసలు రానివ్వదు. టికెట్ కొనేముందు చూడాల్సిన సంగతి ఇది, సూట్‌కేసు సర్దేటప్పుడు కాదు.

టికెట్ కొన్నాక విమానయాన సంస్థకు ఫోన్ చేసి చెప్పాలి. కనీసం 48 గంటల ముందు. వాళ్ల కంప్యూటర్లలో ‘డీపీఎన్‌ఏ’ అని నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. మేధోపరమైన, ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం ఉండి సాయం అవసరమైన ప్రయాణికుడని అర్థం. ఫోనెత్తిన అమ్మాయికి ఆ కోడ్ నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాక మాత్రం శ్రద్ధగా రాసుకుంది. ఆ కోడ్ లేదంటే వీల్‌చైర్ పంపిస్తారు. మా వాడు నడుస్తాడు, అసలు ఇబ్బందే వాడు పరుగెత్తడం!

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో మాత్రం వాడు మా అందరికన్నా హాయిగా ఉన్నాడు. టోకెన్ నంబరు, తెర మీద మారే అంకెలు, ఏ తర్వాత బీ, బీ తర్వాత సీ కౌంటరు. వాడికి కావాల్సిన లోకం అదే. కెమెరా వైపు చూడటమే కష్టమైంది. కెమెరా పక్కన వాళ్ల నాన్న బొమ్మ రైలు పట్టుకుని నిలబడ్డారు. యూరప్ వెళ్లాలనుకునేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. షెంగెన్ వీసాకు 12 ఏళ్లు నిండితే వేలిముద్రలు తప్పవు. వేళ్లు పట్టుకుంటే ఒప్పుకోని బిడ్డకు ఆ సాధన కూడా ఇంట్లోనే చేయించాలి.

పొద్దుతిరుగుడు పువ్వు

ఆకుపచ్చ తాడు మీద పసుపు పొద్దుతిరుగుడు పువ్వులు. 2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయం మొదలుపెట్టిన గుర్తు ఇది. పైకి కనిపించని వైకల్యం ఉందని, కాస్త ఓపిక పట్టమని సిబ్బందికి చెబుతుంది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో, మన దగ్గర ఢిల్లీ, బెంగళూరు విమానాశ్రయాల్లోనూ ఉంది. దుబాయ్‌లో సిబ్బంది దాన్ని గుర్తుపడతారు.

మొదట నాకు ఇష్టం లేదు. బిడ్డ మెడలో బోర్డు కట్టినట్టు అనిపించింది. మా అమ్మాయే అంది: “అమ్మా, తమ్ముడు కింద పడి ఏడిస్తే ఎలాగూ అందరూ చూస్తారు కదా. ఏడవకముందే చూస్తే మంచిదేగా?” మెడలో ఏదైనా వేస్తే వాడు లాగేస్తాడు. అందుకని ఆ తాడు నేను వేసుకున్నాను.

సెక్యూరిటీ దగ్గర జవాను అడక్కముందే చెప్పాను. హిందీలో, మూడు వాక్యాలు, ఇంట్లో అద్దం ముందు సాధన చేసినవే. ఆయన పక్కకు పిలిచి, కర్రను ముందు తన అరచేతి మీద ఆడించి చూపించాడు. చిన్నోడు పుస్తకం ఏడో పేజీ తీసి పెట్టుకుని, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడుకే అయిపోయింది. మిగిలిన మూడూ లెక్కపెట్టేదాకా కదల్లేదు. ఆ జవాను ఆగాడు. వెనక వరసంతా ఆగింది. ఆ మూడు అంకెలు నా జీవితంలో నాకు దొరికిన మర్యాదల్లో ఒకటి.

విమానం ఎక్కడంలో ఒక కిటుకు విశాఖలో నేర్చుకున్నాం. ‘పిల్లలున్నవాళ్లు ముందు రండి’ అన్నప్పుడు అందరం వెళ్లిపోతే, కదలని విమానంలో నలభై నిమిషాలు అదనంగా కూర్చోవాలి. అందుకే సామానుతో మా ఆయన, అమ్మాయి ముందు ఎక్కారు. నేనూ వాడూ చివరిదాకా గాజు గోడ దగ్గర తిరుగుతూ, ఆఖర్న ఎక్కాం. కిటికీ వాడిది, మధ్య సీటు నాది. ముందు సీటాయనకు కూర్చోకముందే చెప్పాను: “మా అబ్బాయి కాళ్లు తగలొచ్చు, ఆటిజం ఉంది, ఆపుతూనే ఉంటాను.” ఆయన కరీంనగర్ వైపు మనిషి, సెలవు ముగించుకుని పనికి తిరిగెళుతున్నాడు. “తగిలితే తగలనీ అక్కా, మా ఇంట్ల గూడ పిల్లలున్నరు” అన్నాడు. దాదాపు నాలుగు గంటల ప్రయాణంలో ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

సర్టిఫికెట్ ఉన్న ఊళ్లో

2025లో దుబాయ్‌కి ‘సర్టిఫైడ్ ఆటిజం డెస్టినేషన్’ అనే గుర్తింపు వచ్చింది. ఇచ్చింది అమెరికాకు చెందిన ఐబీసీసీఈఎస్ అనే సంస్థ. 2019లో అరిజోనాలోని మీసా నగరానికి మొదటి ఆటిజం సర్టిఫైడ్ సిటీ గుర్తింపు ఇచ్చింది కూడా ఈ సంస్థే. అబుదాబీ యాస్ ఐలాండ్‌లోని సీవరల్డ్‌కీ ఇలాంటి గుర్తింపు ఉంది. సందర్శకులతో మాట్లాడే సిబ్బందిలో ఎక్కువమందికి శిక్షణ ఇచ్చారని దాని అర్థం. మంచిదే, సంతోషం. అయితే ఆ సర్టిఫికెట్‌కి నా కొడుకు తెలియదు. వాడు రంగుల ఫౌంటెన్ చూడటానికి పోగైన జనాన్ని తట్టుకోలేడు, ఎవరికి ఎంత శిక్షణ ఉన్నా. వాడికి రైళ్లు కావాలి, నీళ్లు కావాలి, ఇడ్లీ కావాలి. మేం దుబాయ్ ఎంచుకున్నది ఆ మూడూ ఉన్నాయని. ఫొటోల్లో బాగుండే ఊళ్లు చాలా ఉన్నాయి, వాడికి బాగుండే ఊరు వెతకాలి.

దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. డ్రైవరు ఉండడు. గోల్డ్ క్లాస్ పెట్టెలో టికెట్ రెట్టింపు, కానీ ముందు అద్దం ఎదురుగా కూర్చుంటే పట్టాలు మన ఒళ్లోకే వచ్చేస్తున్నట్టు ఉంటుంది. నాలుగు రోజులు, రోజుకు రెండు గంటలు, వాడు అక్కడే ఉన్నాడు. ‘దుబాయ్ పోయి రైల్లో కూర్చున్నారా?’ అని తర్వాత ఎంతమందో అడిగారు. అవును, రైల్లో కూర్చున్నాం. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

రోజుకు ఒక్కటే పని పెట్టుకున్నాం, అదీ పొద్దున్నే. దుబాయ్‌లోని కరామాలో ఇడ్లీ తినడం, ఒక చోటికి వెళ్లడం, చెల్లెలి ఇంటికి వచ్చి చీకటి గదిలో మధ్యాహ్నమంతా నిశ్శబ్దం. ఒక రోజు పూర్తిగా మా అమ్మాయిది. వాళ్ల నాన్న ఆమెను ఒక్కదాన్నే 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకి తీసుకెళ్లారు. ఎప్పుడూ ‘తమ్ముడికి ఇబ్బంది’ అని సగంలో లేచొచ్చే పిల్ల, ఆ రోజు తొందరపెట్టేవాళ్లు లేక రెండు గంటలు పైనే ఉందట.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది తప్పిపోవడం. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగంమంది, 49 శాతం, నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా పెద్దల కళ్లుగప్పి వెళ్లిపోయే ప్రయత్నం చేశారని అమెరికాలో 2012లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. రోజూ పొద్దున గుమ్మం దాటేముందు వాడి ఫొటో తీసేదాన్ని, ఆ రోజు వేసుకున్న బట్టలతో. చొక్కా లోపలి వైపు చెల్లెలి ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో, అరబిక్‌లో కుట్టించాం. ప్యాంటు జేబులో ట్రాకర్. యూఏఈ పోలీసు నంబరు 999 అని మా అమ్మాయికి కూడా కంఠతా వచ్చు. చెల్లెలు బాల్కనీ తలుపుకు పైన కొత్త గడియ పెట్టించింది. నేను అడగకముందే పెట్టించింది.

పుస్తకంలో లేనిది

అయిదో రోజు అల్ మమ్జార్ బీచ్‌లో ఒక నీలం చెప్పు కొట్టుకుపోయింది.

వాడు అలల్లో కూర్చుని, గుప్పెళ్లతో ఇసుక తీసి నీళ్లలో వదులుతూ, గంటన్నర సేపు ఎవరికీ దొరకనంత శాంతంగా ఉన్నాడు. లేచి చూసుకుంటే ఒకటే చెప్పు. నేను ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. పుస్తకం ఆఖరి పేజీ తీసి, నీలం చెప్పుల మీద వేలు పెట్టి, తెల్లవారుజామున నాలుగింటి దాకా ఏడ్చాడు. ఆ చెప్పులు లేకపోతే ఆ పేజీ నిజం కాదు, అంటే ఇల్లు లేదు. మరిది, అంటే చెల్లెలి భర్త, మర్నాడు ఆఫీసు మానేసి షార్జాలో, దుబాయ్‌లో చెప్పుల షాపులన్నీ తిరిగాడు. ఆ సైజులో ఆ నీలం దొరకలేదు. ఎర్రవి దొరికాయి.

వాడు వాటివైపు చూడలేదు. అప్పుడు మా అమ్మాయి తన పెన్నుల డబ్బాలోంచి చెరిగిపోని ఎర్ర మార్కర్ తీసింది. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చూస్తుండగానే, ఆఖరి పేజీలోని నీలం చెప్పుల మీద ఎర్ర రంగు వేసింది. లామినేషన్ మీద రంగు జారుతుంటే ఊదుకుంటూ రెండోసారి వేసింది. కింద వంకర అక్షరాలతో రాసింది: ‘నీలం చెప్పులు సముద్రం దగ్గర ఉన్నాయి. ఎర్ర చెప్పులు ఇంటికి వస్తాయి.’ వాడు ఆ వాక్యాన్ని అక్కతో పదిసార్లో, పదిహేనుసార్లో చదివించుకున్నాడు. సాయంత్రానికి ఎర్ర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

హైదరాబాద్‌లో దిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అత్తయ్య లైటు వేసి గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. చిన్నోడు చెప్పులు విప్పాడు. పుస్తకం తెరిచి ఆఖరి పేజీ చూశాడు. వంగి, కుడి చెప్పును కాస్త ఎడమకు జరిపి, బొమ్మలో ఉన్నట్టు సరిచేశాడు. మళ్లీ పేజీ చూశాడు. మళ్లీ కొంచెం జరిపాడు.

“తర్వాతి స్టేషన్ అమీర్‌పేట” అన్నాడు, వాళ్ల నానమ్మతో.